టీకి తొమ్మిది గీతలు

ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లు
లారీలకు వైరింగ్ చేశాను.
ఎర్ర వైరు ఎటు పోవాలో, పచ్చ వైరు ఎటు పోవాలో
కళ్లు మూసుకుని చెప్పేవాణ్ని.
ఇప్పుడు వంటింట్లో
టీపొడి డబ్బా పట్టుకుని నిలబడి
దీన్నెందుకు తీశానా అని చూస్తున్నాను.

రామవరప్పాడు రింగు దగ్గర బండి జారింది.
తలమీద కుట్లు పదిహేను రోజుల్లో మానాయి.
చూడ్డానికొచ్చిన వాళ్లంతా
"బాగానే ఉన్నావుగా సుభానీ" అన్నారు.
బాగానే ఉన్నాను.
పేర్లు గుర్తే, బాకీలు గుర్తే,
కరెంటు బిల్లు ఎంతో పైసలతో సహా గుర్తే.
కట్టడమే జరగదు.
లేవాలని తెలుసు.
లేవను.
మా బావమరిది దీనికి బద్ధకమని పేరు పెట్టాడు.
కోపం రాలేదు.
రావాల్సిన చోట అదీ రాదు,
ఉప్పు తక్కువైన చారు మీద వస్తుంది.

పెద్దాసుపత్రిలో హెప్సిబా మేడమ్
నా భాషలో అడిగింది:
"బ్యాటరీ ఉంది, బల్బులున్నాయి, వైరు తెగలేదు.
లైటెందుకు వెలగట్లేదు మేస్త్రీ?"
"రిలే పోయుంటుంది మేడమ్" అన్నాను.
నోరు జారాక తెలిసింది
అది ఏ బండి గురించో.

కొత్త రిలే దొరకదట.
పాతదాని పక్కనుంచి దారి లాగాలట.
అందుకని టీని తొమ్మిది ముక్కలు చేశాం.
గిన్నె ఒకటి. నీళ్లు రెండు. పొయ్యి మూడు.
ముక్క అయినప్పుడల్లా ఒక గీత.
జేబులో అట్టముక్క, దానిమీద నా చేతిరాతే:
"ఆగు. ఏం చేద్దామని వచ్చావు?"
లారీ వెనక రాసే రాతలా ఉందని
మొదట్లో నవ్వుకున్నాను.

ఆరో వారం ఒంటరిగా కాళేశ్వరరావు మార్కెట్‌కి పంపారు.
కరివేపాకు, అగ్గిపెట్టె, అమ్మాయికి గ్రాఫు పుస్తకం.
మెహరున్నీ నన్ను బస్సెక్కించి
తను వెనక బస్సులో వచ్చిందట, తర్వాత చెప్పింది.
దిగిన చోట ఒక లారీ ఆగి ఉంది.
హారన్ మోగట్లేదు, వైర్లు వేలాడుతున్నాయి.
అంతే, నేను దాని కిందికి దూరాను.
ఎంతసేపో తెలీదు.
ఉన్నట్టుండి ఎవరో "ఆగు" అన్నారు.
మేడమ్ గొంతు కాదు, మెహరున్నీ గొంతు కాదు.
చేతులు తుడుచుకున్నాను.

కరివేపాకు తెచ్చాను. గ్రాఫు పుస్తకం తెచ్చాను.
"మూడింట్లో రెండు" అని మేడమ్ రాసుకుంది.
ఆ గొంతు నాదేనని
ఆమెకి చెప్పడం మర్చిపోయాను.

మర్నాడు టీ పెట్టాను.
ఏడో గీత దగ్గర అనుమానం, పంచదార వేశానా?
వేశాను, రెండుసార్లు.
తొమ్మిది: పొయ్యి కట్టెయ్.
కట్టేశాను. గుమ్మం దాకా వెళ్లి
వెనక్కొచ్చి మళ్లీ చూశాను.

మెహరున్నీ ఒక గుక్క తాగి,
తీపికి మొహం చిట్లించి,
"ఇంట్లో అగ్గిపెట్టె లేదుగా,
పొయ్యి ఎట్టా ముట్టించావు?" అంది.

పక్కింటి కోటమ్మ గారినడిగి తెచ్చాను.

తను గ్లాసు కింద పెట్టింది.
అట్టముక్క తీసి
పైనుంచి కిందదాకా చదివింది.
ఆ ముక్క దానిమీద లేదు.