అణిగేదే మనది

ఇరవై రెండేళ్లు టంగుటూరు కంపెనీలో
పొగాకు ఈనె తీశాను.
వెలుతురుకి ఎత్తకుండానే
వేలి కొసతో చెప్పేదాన్ని
ఎక్కడ లావు, ఎక్కడ తెగుతుంది అని.
అన్నం కలిపినా వేళ్లకి ఆ చేదే.

ఇప్పుడు నా మోచేతి మడతలో
సిస్టర్ పెంచలమ్మ నరం వెతుకుతోంది.
నాలుగోసారి.
మందు పారిన నరాలు నల్లబడి, తాడై,
సూదిని చూసి లోపలికి పారిపోతున్నాయి.
"గుప్పిట బిగించక్కా."
బిగించడం నాకు కొత్తా?

"మెడ నరంలోంచి గొట్టం పెడదాం" అంది డాక్టరమ్మ.
మెడ అనగానే
కొలుపుల నాటి మేకపోతు గుర్తొచ్చింది.
కాగితం చదివి వినిపించింది:
ఊపిరితిత్తికి గుచ్చుకోవచ్చు,
పక్కనున్న పెద్ద నాళానికి తగలొచ్చు,
చీము పట్టొచ్చు, నెత్తురు గడ్డకట్టొచ్చు.
"ఎంతమందికి?"
"చాలా తక్కువమందికి."
"ఆ తక్కువలో నేనుంటే?"
పెన్ను మూత పెట్టి కాసేపు ఊరుకుంది.
"ఉండొచ్చు. అందుకే గుడ్డిగా పొడవం. చూస్తూ పొడుస్తాం."

అంతవరకూ అందరూ ఏం కాదన్నవాళ్లే.
ఉండొచ్చు అన్నది ఈమె ఒక్కతే.
సంతకం పెట్టాను.

నెల్లూరులో అంత చలి ఆ గదిలోనే చూశాను.
ఆకుపచ్చ గుడ్డ కింద తల ఎడమకి తిప్పి,
మెడ మీద చల్లటి జిగురు.
గుడ్డ సందులోంచి తెర కనబడింది:
బూడిద రంగులో రెండు నల్ల గుండ్రాలు.
ఒకటి ఎగిరెగిరి పడుతోంది.
రెండోది, పైనుంచి కాస్త నొక్కితే
చప్పున అణిగింది,
వదిలితే మళ్లీ నిండింది.

"అణిగేదే మనది,
ఎగిరేదాని జోలికి పోవద్దు."
నాతో కాదు, పక్కనున్న కుర్ర డాక్టరుతో.

గుడ్డ కింద నాకు నవ్వొచ్చింది.
మేస్త్రి కేకకి అణిగాను, తూకం రాయికి అణిగాను.
మళ్లీ నిండిన సంగతి
ఎవరూ తెర మీద చూపించలేదు.

తీగ దిగుతుంటే గుండె ఒక దెబ్బ తప్పింది.
"వాకిలి దాకా వచ్చాం, వెనక్కి తీస్తున్నా" అంది.
తర్వాత ఎక్సరే. ఊపిరి బాగుందట.
జ్వరమొస్తే మాత్రం రేపనకుండా రావాలట.

ఇప్పుడు కుడి ఎముక కింద, చర్మం లోపల
రూపాయి బిళ్లంత ఉబ్బు.
దీనమ్మ తాకి "నొప్పా?" అంది.
రైక రాసుకుంటే కొంచెం.
పెంచలమ్మ ఇక వెతకదు. ఒక్క పోటు, అంతే.

రాత్రిపూట నిద్రలో చెయ్యి దానంతటదే
మెడ దాకా పోయి తడుముతుంది,
చర్మం కింద సన్నగా, మెత్తగా.
వేలి కొసకి తెలుసు
ఈ ఈనె తియ్యగూడదని.