తట్టని తలుపు

పై ఊళ్ళో పిల్లలు నలభై ఒక్కరు.
నా పుస్తకంలో నలభై టిక్కులు, ఒక ఖాళీ గడి.
కింది ఊళ్ళో ముప్పై నలుగురు.
అక్కడ టిక్కులు లెక్కపెట్టడం తేలిక,
పద్దెనిమిది దాటవు.

మధ్యలో ఒక వాగు, ఒక రంపపు మిల్లు,
రోజుకి రెండుసార్లు వచ్చే ఒకే బస్సు.
ఈ కార్పేతియన్ కొండల్లో
మందుల పెట్టె భుజాన వేసుకుని
ఇరవై రెండేళ్ళుగా ఎక్కి దిగుతున్నాను.

కింది ఊరివాళ్ళు చెడ్డవాళ్ళు కారు.
ప్లమ్ పళ్ళ సారా పోసి కూర్చోబెడతారు.
"సూది పొడిస్తే మాట పడిపోతుందట స్మరాండా,
ఎవరో అన్నారు."
ఆ ఎవరో ఎవరో ఎవరికీ తెలీదు.
వచ్చే నెల చూద్దాం అంటారు.
వచ్చే నెల గొర్రెలు కొండెక్కుతాయి,
వాటి వెనకాలే పిల్లలూ.

పై ఊరి ఖాళీ గడి పేరు ఇలింకా. ఏడేళ్ళు.
నెత్తుటి జబ్బుకి క్లూజ్ ఆసుపత్రిలో మందు ఎక్కుతోంది,
ఈ టీకా ఆ ఒంటికి పడదు.
బడి వరండాలో అందరూ చొక్కా చేతులు మడిచిన రోజు
తనూ మడుచుకుని వరసలో నిలబడింది.
"నాకెందుకు లేదు?"
నీ సూది వాళ్ళ జబ్బల్లో ఉందమ్మా, అన్నాను.
నమ్మలేదు.
వెళ్ళి పక్కవాడి జబ్బ నొక్కి చూసింది.

ఫిబ్రవరిలో గావ్రిలా దగ్గాడు.
కింది ఊరివాడు, బస్సులో కిటికీ పక్క సీటు.
ఒంటిమీద ఇంకా ఏమీ లేదు, కళ్ళు మాత్రం ఎర్రగా.
తట్టు తలుపు తట్టి రాదు.
మనిషి దిగిపోయాక కూడా రెండు గంటలు
ఆ గాలిలోనే కూర్చుని ఉంటుంది,
టిక్కెట్టు లేకుండా.

మార్చి చివరికి కింది ఊళ్ళో పదమూడు మంది.
వెలుగు భరించలేని కళ్ళ కోసం
కిటికీలకు దుప్పట్లు.
చిన్నతనంలోనే తట్టు పోసిన ముసలమ్మ పరాస్కీవా
ఇల్లిల్లూ తిరిగి తడిగుడ్డలు వేసింది.
డెబ్బై ఏళ్ళయినా
ఆ ఒళ్ళు శత్రువు మొహం మరిచిపోలేదు.
గావ్రిలా బతికాడు.
ఎడమవైపు నుంచి పిలిస్తే మాత్రం
ఇప్పుడు తిరిగి చూడడు.

అదే బస్సు పై ఊరికీ వెళ్ళింది.
ఎవరి పక్కన కూర్చుందో, ఎవరి ముక్కులో దూరి
చోటు దొరక్క చచ్చిందో నాకు తెలీదు.
రొట్టెల కొట్టువాడి కూతురా?
ఆ రోజు జబ్బ నొక్కించుకున్న కుర్రాడా?
జరగని దానికి నా పుస్తకంలో గడి లేదు.

చలి తగ్గాక ఇలింకా ఎదురుపడింది,
కొత్తగా మొలుస్తున్న జుట్టు మీద టోపీ లేకుండా.
చలికాలమంతా ఏం చేశావే అన్నాను.
"ఏం లేదు," అంది.
"మంచుబొమ్మ చేశాం. ముక్కు ఊడిపోయింది."