అడిగినంతే

నయీంనగర్‌ల మిర్చి బండి మీది మేడ.
నాలుగు రౌటర్లు, రెండు స్విచ్చులు,
కరెంటు పోతే ఉక్కపోత, ఇన్వర్టర్ ఈల.
నా వెనక యాకూబ్ సార్ కుర్చీ.

ప్రశ్నల ఉన్నది ఒక్కటే మాట:
ఈ ఆఫీసు ఆ ఆఫీసుతోని మాట్లాడాలె.
నేను రాసింది నలభై ఆరు లైన్లు.
ఆడొక వడపోత, ఈడొక వడపోత.
రెండు ప్రోటోకాల్స్‌ను వియ్యంకులను చేసి
ఒకరి చుట్టాలను ఒకరింట్ల దింపిన.
రేపెప్పుడన్న తెగుతదేమోనని
తెగని లింకుకు ఇయ్యాల్నే కట్టు కట్టిన.

పింగ్ కొట్టిన.
చుక్క. చుక్క. చుక్క. చుక్క. చుక్క.
ప్యాకెట్టు పోయి పోయి
పోయిన కాడికే మళ్ల వచ్చింది,
మేడారం తొవ్వల తప్పిపోయిన పిలగాని లెక్క
అడిగినోళ్లనే మళ్ల మళ్ల అడుక్కుంట.

సార్ తిట్టలే.
కాజీపేట యార్డుల పన్నెండేండ్లు
కేబుళ్లు గుంజిన చేతులు ఆయనవి.
వేలితోని స్క్రీన్ మీద కొట్టి అన్నడు:
"రైలు డోర్నకల్ పోవాలె బిడ్డా.
నువ్వు బల్హార్షా దాక తిప్పుకొస్తున్నవ్.
పట్టాలన్ని నీకెరుకేనని
రైలుకు చెప్పుడెందుకు?"

ఒక్కొక్క లైను ముందట 'నో' పెట్టి చెరిపిన.
నో.
నో.
నో.
రాసినప్పుడు నొయ్యని చెయ్యి
చెరుపుతుంటె నొచ్చింది.
ఒక్క లైను కాడ మాత్రం ఆగిన.
అది నేర్చుకునేటందుకు
డిసెంబర్ నెలంత పోయింది నాది,
మా మేనత్త కొడుకు పెండ్లి సుత పోలే.
ఎంత ముద్దుగుండెనో ఆ లైను.
సార్ ఛాయ్ తాగుకుంట కిటికీ దిక్కు చూసిండు.
దాన్ని సుత చెరిపిన.

అసలు పరీక్ష సుబేదారిల.
ప్రశ్న మారింది గని అడిగే తీరు మారలే.
మూడు లైన్లు రాసిన.
ఐదు ఆశ్చర్యార్థకాలు, వరుసగ.
సేవ్ చేసిన.

గడియారంల ఇంక రెండు గంటలు.
పక్క టేబుల్ మీద పరకాల పిల్ల ప్రణీల
రేకుల మీద వాన పడ్డట్టు టైపు కొడ్తనే ఉన్నది.
గంత రాసేటిది ఏమున్నది?
నాకేమన్న కనపడలేదా?
ఇంకొక బ్యాకప్ తొవ్వ ఏస్తె ఏం పోతది,
దర్వాజ కాడ స్వాగతం బోర్డు పెడ్తె ఏం పోతది,
పాస్‌వర్డుకు ఇంకో పాస్‌వర్డు...

రెండుసార్లు కీబోర్డు దాక పోయినయ్ వేళ్లు.
మూడోసారి
చేతులు రెండు తొడల కింద పెట్టి
వాటి మీదనే కూసున్న,
గంట కొట్టేదాక.