పద్దు లేని దీపం

నేను మున్సిపాలిటీ గుమస్తాను.
ఏడాదికొకసారి, మంచు కరిగి దారి తెరిపిచ్చాక
ఒక సంచీ, ఒక ముద్ర, ఒక అంకె మోసుకుని
రాచా కొండలెక్కుతాను.
ఈసారి అంకె ఎనిమిది వేలు.
ఏనుగు దాహానికి చూరునీళ్ళు.

ఊరు ఘవార్ది.
పొగగొట్టాలు పదహారు. పొగ వచ్చేవి తొమ్మిది.
మూతబడ్డ బడిలో సభ.
చిన్నపిల్లల బల్లల్లో
మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా ఇరుక్కుని
డెబ్బై దాటినవాళ్ళు కూర్చున్నారు
ఇప్పుడెవరో హాజరు పిలుస్తారన్నట్టు.

పిలిచాను. కాగితం అడుగుతుంది మరి.
నుగ్జార్. ఉన్నాడు.
జుజునా. ఉంది, వినపడదు,
పక్కావిడ ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తింది.
వఖ్తాంగ్.
కిటికీ అద్దం మీద ఈగ ఒకటే చప్పుడు చేసింది.
"జనవరిలో" అన్నారెవరో.
పేరు మీద గీత కొట్టాను.
గీత సన్నగా, వంకర లేకుండా వచ్చింది.
పదేళ్ళ అలవాటు.

డబ్బు మీది, ఏం కావాలో మీరే చెప్పండి అన్నాను.
అలా అనాలని పైనుంచి రాసి పంపారు.

నుగ్జార్ గొట్టం అన్నాడు.
ఊట నుంచి వచ్చే నీళ్ళ గొట్టం చలికి మూడుచోట్ల చిట్లింది.
వంతెన అన్నారు ఇద్దరన్నదమ్ములు.
ఎనిమిది వేలకు వంతెన రాదు, పట్టుకునే కమ్మీ వస్తుందన్నాను.
"అదే ఇప్పించండి, కమ్మీ పట్టుకుని ఏట్లో నడుస్తాం"
అన్నాడు చిన్నవాడు.
ద్రాక్షసారా సీసా బల్లకింద నుంచి బల్లకిందికి
చీటీలా నడిచింది.

అప్పుడు లేచింది త్సియాలా.
"దారి చీలేచోట ఒక్క దీపం."

ఎందుకు అన్నాను.
కాగితంలో 'కారణం' అని రెండు వరసల గడి ఉంది.

"ఆ రాత్రి అంబులెన్సు వచ్చింది.
ఎడమకి తిరగాల్సింది, చీకట్లో కుడికి పోయింది.
దాని నీలం వెలుగు నాకు కనపడుతూనే ఉంది,
అవతలి గట్టు మీద
ఇల్లిల్లూ ఆగి ఆగి వెతుక్కుంటూ.
కిటికీలోంచి టార్చి ఊపాను.
వాళ్ళూ ఊపారు.
ఎవరో పలకరిస్తున్నారనుకున్నారు కాబోలు.
వచ్చారా అన్నాడు మంచం మీంచి.
వస్తున్నారన్నాను.
చాలాసేపు అదే అన్నాను."

గడిలో నేను రాసింది: రహదారి భద్రత.

చేతులెత్తమన్నాను.
వంతెనకి రెండు.
దీపానికి ఒక్కటీ లేవలేదు.
గొట్టానికి లేచిన వాటిలో
అందరికంటే ముందు లేచింది త్సియాలా చెయ్యి.
"దప్పిక బతికున్నవాళ్ళది" అంది,
నా వైపు కాదు, ఈగ వైపు చూస్తూ.

దీపం సంగతి నేనే వేరేగా రాశాను.
జవాబు ఆగస్టులో వచ్చింది.
ఆ చీలిక మా హద్దు కాదన్నారు వీళ్ళు.
మాది కాదన్నారు వాళ్ళు.
ఇద్దరి ముద్రలూ గుండ్రంగా, అందంగా ఉన్నాయి.

అక్టోబరులో గొట్టం తనిఖీకి వెళ్ళాను.
నీళ్ళు వస్తున్నాయి. దోసిట పట్టి తాగాను,
పళ్ళు జివ్వుమన్నాయి.
కొలతలు, తూములు, బిగింపులు, అన్నీ సరి.
మిగిలిన ఇనప గొట్టం నాలుగు మీటర్లు
ఎక్కడుందో చూపించమన్నాను.
నుగ్జార్ దగ్గాడు. అన్నదమ్ములు ఆకాశం చూశారు.
జుజునాకి ఎలాగూ వినపడదు.

దిగివస్తుంటే చీకటి పడింది.
దారి చీలేచోట
నాలుగు మీటర్ల ఎత్తున ఒక బల్బు.
తీగ నుగ్జార్ కొట్టం మీదుగా, ఆపిల్ కొమ్మ మీదుగా
వేలాడుతూ వచ్చింది.
స్తంభం అడుగున సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది.
దానిలో కోడి కాలి గుర్తులు.

బండి ఆపాను.
రాయకపోతే రేపు కుదరదని
బానెట్ మీద కాగితం పరిచాను.
'మిగులు సామగ్రి' అన్నచోట
'లేదు' అని రాసి
ఆ వెలుగులోనే సంతకం పెట్టాను.

రెక్కల పురుగొకటి వచ్చి ముద్ర మీద వాలింది.
కాసేపు తోలలేదు.