అలమారాలో ఎవరూ లేరు

చారింగ్ క్రాస్ వెనక సందులో రెండో అంతస్తు,
వానకి ఉబ్బి మూసుకోని కిటికీ.
నాటకాల హక్కుల లెడ్జరు నా చేతిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉంది.
మిస్ థ్వైట్ అంటారు నన్ను,
మ్యూరియల్ అని పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు.

ఒక్క నాటకానికి మాత్రం పదకొండు పేజీలు పట్టాయి.
మూడంకాలు, అయిదు తలుపులు, ఒక అలమారా.
అందులో పాదిరిగారు, ప్యాంటు లేకుండా.
ఇన్‌స్పెక్టరు అడుగుతాడు: లోపల ఎవరు?
ఇల్లాలు అంటుంది: ఎవరూ లేరండి.
లోపల్నించి తుమ్ము.
అంతే, అంతకంటే ఏమీ లేదు.
దానికే ఈ ఊళ్ళో తొమ్మిది వందల రాత్రులు పొట్టలు పట్టుకున్నారు.

ఆర్హుస్ వాళ్ళు రాశారు:
పాదిరి ప్యాంటు విప్పితే మా దగ్గర వింతేం కాదు,
ఎండాకాలం సముద్రం ఒడ్డున అందరూ చూసిందే.
ఆయన బదులు పన్నుల అధికారిని పెట్టుకుంటాం, అనుమతి ఇప్పించండి.
ఇప్పించాను. నూట నలభై క్రోనర్లు అదనం.

హోబార్ట్‌కి వెళ్ళే సెట్టులో ఒక తలుపు
తుఫానుకి ఓడమీంచి కొట్టుకుపోయింది.
అయిదోది ఉన్నట్టే గొళ్ళెం తీసి, వేసి,
నాలుగింటితో ఆరు వారాలు ఆడారు.
ఎవరూ కనిపెట్టలేదట.
ఆ ఉత్తరం అవసరం లేకపోయినా చాలాసార్లు చదివాను.

ఒసాకాలో తుమ్మొస్తే
ఎవరో చాటుగా మన మాట అనుకుంటున్నారని అర్థమట.
వాళ్ళూ నవ్వారు, వేరే కారణానికి.
రాబడి రాబడే కదా.

తర్వాత మోంతెవిదేయో. డెబ్బై ఆరు, జూన్, అక్కడ చలికాలం.
నాలుగు రాత్రులు ఆడి ఆపేశారు.
టిక్కెట్ల లెక్క మడతలో ఒక కాగితం,
అనువాదకురాలు నెలీదా ఎచెబార్నె చేతిరాత:

లోపల ఎవరు, అని ఇన్‌స్పెక్టరు అడగ్గానే
హాల్లో దగ్గు కూడా వినబడలేదు.
ఎవరూ లేరండి, అంది మా నటి.
వెనక వరుసలో ఒకావిడ లేచి నిలబడింది.
తర్వాత ఆమె పక్కనావిడ.
అలమారాలో మా ఒస్వాల్దో తుమ్మలేదు.
అరచేత్తో ముక్కు నొక్కుకుని అట్లాగే ఉండిపోయాడు.
ఇన్‌స్పెక్టరు కాసేపు చూసి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.
ఇంకో అంకం మిగిలుండగానే
జనం కోట్లు వేసుకున్నారు.
మిగతా మూడు రాత్రులూ అంతే.
ఒప్పందంలో తుమ్ము ఉందని తెలుసు. జరిమానా ఎంతో చెప్పండి.

ఎందుకలా జరిగిందో రాయలేదు.
రాయలేదని నాకు తెలిసేంత చోటు
కింద తెల్లగా వదిలింది.

లెడ్జరు తెరిచాను.
మార్పు: తుమ్ము తొలగింపు.
అనుమతి: ఇవ్వబడింది.
తేదీ దగ్గర కలం కొంచెం ఆగింది, తర్వాత మే నెల వేశాను.

మనం ఎప్పుడిచ్చాం ఇది, అన్నారు పార్జెటర్ గారు
కళ్ళజోడు తుడుచుకుంటూ.
పోయిన నెలలోనండి.
ఆ ఫైలు?
అలమారాలో ఉంది, అన్నాను.

ఆయన దానివైపు చూశారు.
తెరవలేదు.