తుమ్ము దరువు

బ్రాడీపేటలో, జిరాక్సు షాపు పైన నా గది.
గోడలకి కోడిగుడ్ల అట్టలు,
మైకు ముందు మా ఆవిడ పాత చున్నీ ముక్క.
ఎరువుల ప్రకటనలూ, ఆటో మైకు కేకలూ,
డిసెంబరొస్తే రెండు క్రిస్మస్ పాటల డిస్కులూ.
అదీ నా బేరం.

ఓ మిట్టమధ్యాహ్నం ముగ్గురొచ్చారు.
యూనివర్సిటీ హాస్టలు నుంచి ఇద్దరు:
ము‌వాంజా హమీసి, కిసుము ఒచియెంగ్.
ఒకే చెరువుకి చెరో గట్టు వాళ్ళం అన్నారు.
చెరువంటే, మన పాత గుంటూరు జిల్లాలు
ఆరు మునుగుతాయట అందులో.
మూడోవాడు మావాడే, సంగడిగుంట నాగూర్ వలి,
మిర్చి యార్డులో కాటా దగ్గర చీటీలు రాస్తాడు.

"గంటకెంత?" అన్నాడు వలి.
మూడొందలన్నాను.
రెండొందలిచ్చారు. మిగతాదానికి
ఒచియెంగ్ నా కంప్యూటర్ బాగుచేశాడు.

జట్టు పేరేమిటర్రా అంటే
పిలిపిలి అన్నాడు హమీసి.
వాళ్ళ భాషలో మిరపకాయట.
నాకు మాత్రం ఎవరో ఎవర్నో
పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నట్టు వినిపించింది.

రాగం లేదు. మాటల పరుగు.
స్వాహిలీలో హమీసి ఎత్తుకుంటే
వలి యార్డు లెక్కలతో అందుకున్నాడు:
తేజ, బాడిగ, తాలు, తరుగు,
కాటా, కమీషను, కూలి, కునుకు,
గోతం కూడా మిగల్లేదయ్యో
రైతు గోతం కూడా మిగల్లేదు.

మూడో టేకులో వలి చొక్కా దులుపుకున్నాడు.
ఘాటుకి హమీసి తుమ్మాడు.
చెరిపేయబోయాను.
ఒచియెంగ్ నా చెయ్యి పట్టుకున్నాడు.
ఆ తుమ్ముని కోసి
నాలుగు దెబ్బలకొకసారి అతికించాడు.
అంతే, వాళ్ళకో దరువు దొరికింది.

మొదటి ప్రదర్శనలో కరెంటు పోయింది, చప్పట్లతో కానిచ్చారు.
రెండోది బెజవాడలో. పోస్టరు మీద
'ఆఫ్రికా అడవి నృత్యం' అని వేసి
ఈకలు కట్టుకోమన్నారు.
"నేను ఫార్మసీ చదువుతున్నా,
ఈకలు కోడికుంటాయి" అన్నాడు ఒచియెంగ్, తెలుగులోనే.
ఆ రాత్రి కట్టిన పాట నాకిష్టం:
టులెట్ బోర్డు ఉంది
మేం మెట్లెక్కేలోగా లేదు.

తర్వాత ఎలక్షన్లు.
తెల్లచొక్కా ఒకాయన యాభైవేలు బల్ల మీద పెట్టాడు.
వీసా పోతుందన్నారు వాళ్ళిద్దరూ.
వలి వాళ్ళమ్మకి కంటి ఆపరేషను ఉంది.
వాడొక్కడే వచ్చాడు,
అదే దరువు మీద అభ్యర్థి పేరు చదివాడు.
బటన్ నొక్కింది నేనే.
ఆ రోజు గంటకి మూడొందలూ తీసుకున్నాను.

లాడ్జి సెంటర్ సిగ్నల్ దగ్గర
ప్రచార ఆటోలోంచి తన తుమ్ము తానే విన్నాట్ట హమీసి.
నవ్వాడట. అదీ వలి చెప్పిందే,
నవ్వే అయ్యుంటుందని.

వాళ్ళు వెళ్ళిపోయేనాడు బెజవాడ స్టేషన్లో
వలి దూరంగా నిలబడి
రైలు కదిలాక పరిగెత్తి
కారం పొట్లం కిటికీలోంచి విసిరాడు.
ఎవరు పట్టుకున్నారో కనపడలేదు.

మొన్న ము‌వాంజా నుంచి ఓ ఆడియో వచ్చింది.
ఎవరో కొత్త పిల్లలు, పడవ ఇంజను చప్పుడు,
మధ్యలో వంకర ఉచ్చారణతో
తాలు, తరుగు, తాలు, తరుగు.
ఆ మాటలకి అర్థం తెలుసో లేదో వాళ్ళకి.

వలి రెండుసార్లు విన్నాడు.
"ఇప్పుడు గంటకెంత?" అన్నాడు.
చెప్పలేదు.
మైకు ముందు చున్నీ ముక్క
కాస్త జారితే సర్దుతున్నాను.