ఆరు చదరపు మీటర్లు

మా సంఘానికి ఆఫీసు లేదు.
వీట్స్కె వంటింటి బల్ల ఉంది,
బిస్కట్ల డబ్బాలో రశీదు పుస్తకం ఉంది,
ఏడాదికి పద్దెనిమిది యూరోలు కట్టిన
నలభై ఒక్క పేర్లున్నాయి.
కోశాధికారిని నేను.
మొక్కల పేర్లు నాకు సరిగా రావు,
బాకీదార్ల పేర్లు నోటికి వచ్చు.

రాటర్‌డ్యామ్‌లో వాన పైనుంచి మాత్రమే రాదు.
ఊరు సముద్రం కన్నా కింద కూర్చుంది కదా,
మురుగు కాలువ నిండితే
నేలమాళిగ తలుపు సందులోంచి
అడుగుల చప్పుడు లేకుండా లోపలికొస్తుంది.
"కొంపలేమైనా మునిగాయా, ఎందుకీ తొందర?"
అని ఎవరైనా అడిగితే
మేం మాట్లాడం.
మోకాలెత్తున గోడ మీద మిగిలిన గీత చూపిస్తాం.

అందుకే వీధి వీధీ తిరిగాం.
మీ ఇంటి నెత్తిన జానెడు కాదు, బెత్తెడు మట్టి పరవండి,
లావు ఆకుల సీడమ్ నాటండి,
పడ్డ వాన పడ్డట్టే కాలువలోకి ఉరకదు,
కాసేపు కూర్చుని, నాలుగు మాటలాడి
మెల్లగా లేచి వెళుతుంది అని చెప్పాం.
తలుపు తీయని వాళ్లకి ఒక కరపత్రం.
తీసి మళ్లీ మూసిన వాళ్లకి రెండు.

లేన్‌డర్ట్ మాత్రం తలుపు తీసి, నిలబెట్టి నవ్వాడు.
నలభై ఏళ్లు ఈ ఊరి కప్పులకి తారు పూసిన మనిషి.
పింఛను వచ్చినా గోళ్ల చుట్టూ నలుపు పోలేదు.
"నీళ్లని తరిమి బతికినవాణ్ణి నేను,
మీరు పిలిచి పీట వేస్తారా?" అన్నాడు.
సభ్యత్వం తీసుకోలేదు.

కానీ జుల్మీరా తవారెస్ ఇంటి మీద
మేం కొలతలు తీస్తుంటే నిచ్చెనెక్కి వచ్చాడు.
బూటు మడమతో తట్టాడు, వంగి విన్నాడు.
"ఇక్కడ దూలం ఉంది. ఇక్కడ లేదు.
ఇక్కడ బరువు పెట్టారో,
తోట పడకగదిలోనే పెంచుకోవచ్చు."

జుల్మీరా నవ్వలేదు.
వాళ్ల నాన్న కేప్ వెర్దీ నుంచి ఓడలో వంటవాడుగా వచ్చాడు.
"మా నాన్న దీవి అడిగిన వానే ఇది,
చిరునామా తప్పి ఇక్కడ పడుతోంది" అంటుంది ఆవిడ.
మా రశీదు పుస్తకంలో ఆ వీధి మొదటి పేరు ఆవిడదే.

మే నెల. మట్టి బస్తాలు దిగాయి.
క్రేనుకి బయానా కట్టేశాను, రెండువందల నలభై.
ఆ పొద్దున కప్పు మీద, గులకరాళ్ల నడుమ,
నారింజ ముక్కు, నలుపూ తెలుపూ ఒళ్లు,
సముద్రపు పిట్ట ఒకటి మా మీద అరిచింది.
దాని కాళ్ల దగ్గర మూడు గులకరాళ్లు వెచ్చగా ఉన్నాయి.

క్రేను వెనక్కి వెళ్లింది. బయానా రాలేదు.

పిల్లలు లేచిపోయేదాకా ఆగాలని అందరూ ఒప్పుకున్నారు.
ఆ తర్వాత ఏం చెయ్యాలన్నదే గొడవ.
"కప్పులు పచ్చబరచడానికి" అని
నియమావళి రెండో పేరాలో రాసుకున్నవాళ్లం,
గులకరాళ్ల తరఫున వాదిస్తామా?
వీట్స్కె కాఫీ మూడోసారి పెట్టింది.
లెక్కల్లో నష్టం చదివాను, ఎవరూ వినలేదు.

గుమ్మం దగ్గర, కుర్చీ తీసుకోకుండా
లేన్‌డర్ట్ నిలబడి ఉన్నాడు, పిలవకుండానే వచ్చి.
"నలభై ఏళ్లు" అన్నాడు.
"తారు పూసే ముందు కప్పు ఊడ్చేవాణ్ణి.
పారలతో, బస్తాలకి ఎత్తి.
అన్నీ రాళ్లే అనుకున్నాను."

ఆ మాటకి ఓటు అక్కర్లేకపోయింది.
అయినా చేతులెత్తాం, మినిట్సులో రాయాలి కనక:
దక్షిణపు మూల, ఆరు చదరపు మీటర్లు,
మట్టి వెయ్యరాదు.

ఆగస్టులో సీడమ్ వేశాం.
మూలన ఆ రాళ్లు అలాగే, బట్టతల మీది మచ్చలా.
చూడ్డానికొచ్చిన వాళ్లు
పని సగంలో ఆపేశారా అని అడుగుతుంటారు.

లేన్‌డర్ట్ పద్దెనిమిది యూరోలు చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చి,
రశీదు అడిగి తీసుకున్నాడు.
అతని ఇంటి కప్పు ఇప్పటికీ తారే.
నేను అడగలేదు.
వాన పడ్డ రాత్రులు మాత్రం
జుల్మీరాకి ఫోన్ చేస్తాడట:
"కారుతోందా?"
"లేదు."
"సరే."
పెట్టేస్తాడట.